చెవులదాకా దిగిన రేకు టోపీ

మా ఎల్మ్ ఫోర్క్ ఊరి వాసులు ఇతరుల ఫోను మాటలు వినరని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మా వాగు రోడ్డులోని ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే ఫోను తీగ. ఎవరికి ఫోనొచ్చినా అందరి ఇళ్ళలోనూ గంట మోగుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో రకం మోత. మనది కాని మోతకు రిసీవరు ఎత్తకూడదు. మేము ఎత్తం. దుమ్ము దులపడానికి ఎత్తుతాం, అంతే. మా ఊళ్ళో దుమ్ము ఎక్కువ. ముఖ్యంగా ఆదివారం సాయంత్రం.

ఆదివారం సాయంత్రం రాస్కో గండర్సన్ పక్క ఊళ్ళో ఉన్న తన అక్క ఐడాకు ఫోను చేస్తాడు. రాస్కో పందుల్ని పెంచుతాడు. యాభై దాటినా పెళ్ళి కాలేదు. మనసులో ఉన్నదంతా అక్కకి చెప్పుకుంటాడు. ఒకే తీగ మీద ఎక్కువమంది రిసీవర్లెత్తి దుమ్ము దులిపితే గొంతు సన్నబడిపోతుంది. వినపడటం లేదని ఐడా అనగానే రాస్కో ఇంకా గట్టిగా చెబుతాడు. ఇది అందరికీ సౌకర్యంగా ఉండేది.

సోమవారం రాస్కో ఊళ్ళోకి వస్తే వింతలు జరిగేవి. మందుల షాపాయన అడక్కుండానే మొలల మందు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. రాస్కో కొందామనుకున్న పాత ట్రాక్టరును మేయరు క్లయిడ్ బిక్స్‌బీ పొద్దున్నే కొనేసి ఉండేవాడు. "ఏమోయ్ రాస్కో, వెర్నాకి ఆ నీలం గౌనే బాగుందంటావా?" అని మంగలి నవ్వుతూ అడిగేవాడు. వెర్నా ప్రాట్ అదే రోడ్డులో ఉండే వితంతువు. ఆవిడ గౌను గురించి రాస్కో తన అక్కతో తప్ప ఎవరితోనూ అనలేదు.

తెలివిగలవాడికి విషయం అర్థమై ఉండేది. కానీ రాస్కోకి పొరుగువాళ్ళంటే అపారమైన గౌరవం. వాళ్ళు అలాంటి పని చేస్తారని ఊహించడం కంటే, కొండ మీద కొత్తగా లేచిన టెలివిజన్ స్తంభం తన బుర్రలోంచి ఆలోచనలు తోడేస్తోందని నమ్మడం ఆయనకు మర్యాదగా తోచింది. మంగలిషాపులో ఆయన చదివిన ఓ చవక పత్రిక కథలో, వేరే గ్రహంవాళ్ళు మనుషుల మనసులు చదివేస్తుంటే కథానాయకుడు లోహపు టోపీతో తప్పించుకుంటాడు. రాస్కో కిరాణా కొట్టుకి వెళ్ళి, ఆడవాళ్ళు వంట గిన్నెల మీద కప్పే అల్యూమినియం రేకు ఒక చుట్ట కొన్నాడు. టోపీ చేసి చెవులు మూసుకునేదాకా దించుకున్నాడు.

టోపీ అద్భుతంగా పనిచేసింది. రేకు మీద రిసీవరు ఆనిస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. టోపీ తీస్తే ఆలోచనలు పోతాయి. కాబట్టి రాస్కో ఫోను చేయడం మానేశాడు. ఆ వారం నుంచే ఆయన మనసులో మాట ఊళ్ళో ఎవరికీ తెలియకుండా పోయింది. వాగు ఒడ్డున ఉన్న పొలం ఆయన కొనేశాక గాని మేయరుకు తెలియలేదు.

ఊరు కలవరపడింది. ఒక మనిషి ఏమనుకుంటున్నాడో ఎవరికీ తెలియకపోతే అతనికి మతి చలించినట్టేనని పెద్దలు తేల్చారు. జిల్లా డాక్టరుగారిని పిలిపించారు. ఆయన సంతకం పెడితే రాస్కోని పిచ్చాసుపత్రికి తీసుకుపోతారు.

చర్చి కింది గదిలో, అందరూ తలో వంటకం తెచ్చుకునే విందు రోజే విచారణ పెట్టారు. బల్ల మీద గిన్నెలన్నీ రేకు టోపీలు పెట్టుకునే ఉన్నాయి. వాటి మానసిక స్థితిని ఎవరూ శంకించలేదు.

మేయరు లేచి గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, మన గుండెలు తెరిచిన కిటికీలు. ఈ సోదరుడు మాత్రం తలుపులు మూసుకున్నాడు. దాచడానికి ఏమీ లేనివాడు టోపీ ఎందుకు పెట్టుకుంటాడు? ఇతని పందుల్నీ, వాగు పొలాన్నీ చూసుకునే భారం, ఇష్టం లేకపోయినా, నేనే మోస్తాను."

"ఇతని మనసులో మాట ఇంతకుముందు మీకెలా తెలిసేది?" అన్నాడు డాక్టరు.

"మొహం చూస్తే తెలిసిపోయేదండీ," అన్నాడు మంగలి.

డాక్టరు మంచివాడు. టోపీ తీసి ఒక్కసారి అక్కకు ఫోను చేస్తే చాలు, ఆరోగ్యవంతుడని రాసిస్తానన్నాడు. గదిలో అందరి మొహాలూ వెలిగాయి. ఇద్దరు ముగ్గురు ఇంటికి వెళ్ళడానికి కోట్లు కూడా అందుకున్నారు.

రాస్కో కదల్లేదు. "వెర్నాని ఒక మాట అడిగాను డాక్టరు గారూ. జవాబు ఇంకా రాలేదు. అది ముందు నాకు తెలియాలి, ఊరికి కాదు. అందాకా తియ్యను."

డాక్టరు నిట్టూర్చి కలం మూత తీశాడు.

వెర్నా లేచింది. "ఆగండి. ఏ స్తంభమూ ఇతని బుర్ర తోడలేదు. ఫోనులో నేను విన్నాను. ప్రతి ఆదివారం విన్నాను. నేనంటే ఇష్టమని మూడేళ్ళుగా అక్కకి చెబుతూనే ఉన్నాడు, నా గుమ్మం మాత్రం ఎక్కలేదు. టోపీ పెట్టాకే ధైర్యం వచ్చింది, మహానుభావుడికి."

గదిలో దిగ్భ్రాంతి. ఇతరుల మాటలు వినే మనిషి మా మధ్యే ఉందని మాకు అప్పుడే తెలిసింది. ఒక్కావిడ వింటే ఇంతమందికి ఎలా తెలుస్తుందని డాక్టరు అడిగాడు. మేము వినేవాళ్ళం కాదు కనుక ఆ ప్రశ్న కూడా వినలేదు.

డాక్టరు కలం మూసేశాడు. వెర్నా నడిచి వెళ్ళి, రాస్కో చెవి దగ్గర రేకు అంచు ఎత్తి, ఏదో చెప్పింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఏళ్ళ తరబడి దుమ్ము దులిపి ఆరితేరిన చెవులవాళ్ళు. అందరం ముందుకు వంగాం. ఒక్క ముక్క అందలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆవిడ తెచ్చిన బంగాళాదుంపల గిన్నె కూడా తీసుకుపోయారు.

ఊరి పరువు తీసినందుకు వెర్నాను ఖండిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించాం. వారంలోగా ఆ రెండు ఇళ్ళూ ఫోన్లు తీయించేశాయి. ఇప్పుడు వాళ్ళ గురించి మాకేమీ తెలియదు. అందుకే ఇద్దరికీ పిచ్చి అని బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాం. రేకు టోపీ అనగానే పిచ్చివాళ్ళని జనం నవ్వడం లోకమంతా అలా పాకింది.

మీ దగ్గర కూడా ఎవరైనా తన మాటలు ఎవరో వింటున్నారని అంటే, మొహమాటపడకుండా నవ్వేయండి. నవ్వేటప్పుడు మాత్రం రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టుకోండి. అవతల వాళ్ళకు వినపడుతుంది.