పచ్చ లైటుకి ఎనిమిది సెకన్లు

మా లియెన్‌తాన్ పట్టణంలో ప్రతి పౌరుడికీ తన ప్రజాప్రతినిధిని ముఖాముఖి కలుసుకునే హక్కు ఉంది. ఇందులో ఆడా మగా, పేదా గొప్పా తేడా లేదు. ఉన్నది ఒకే ఒక్క షరతు. సదరు పౌరుడు చనిపోయి ఉండాలి.

బతికున్నవాళ్ళ సంగతి వేరు. బతికున్నవాళ్ళకి సేవా కార్యాలయం ఉంది, అందులో నంబరు చీటీ ఇచ్చే యంత్రం ఉంది, కూర్చోడానికి ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టే టిష్యూ ప్యాకెట్టు ఉంది (దాని మీద కౌన్సిలర్ గారి నవ్వుమొహం ఉంటుంది, ముక్కు చీదుకోవాల్సి వస్తే ఎటువైపు పట్టుకోవడం మర్యాదో నాకిప్పటికీ తెలీదు). కౌన్సిలర్ మాత్రం అక్కడ ఉండరు. కౌన్సిలర్ అంత్యక్రియల్లో ఉంటారు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం లోపు ఏడెనిమిది చూసుకుంటారు, పంచాంగంలో అంత్యక్రియలకి మంచి రోజైతే పదకొండు. చేతుల్లేని కోటు మీద పేరు రాయించుకుని వస్తారు. ఆ పేరు ముందూ ఉంటుంది, వీపు మీదా ఉంటుంది. వెళ్ళిపోతున్నది ఎవరో కూడా జనానికి తెలియాలి కదా. అగరొత్తి పట్టుకుని మూడుసార్లు వంగుతారు, వరసలో నిలబడ్డ బంధువుల చేతులు పట్టుకుంటారు, "ధైర్యంగా ఉండండి, ఏ అవసరమొచ్చినా చెప్పండి" అంటారు, వెళ్ళిపోతారు. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు. నేను వాచీ పెట్టి చూశాను. నలభై ఏళ్ళుగా ఫలహారాల కొట్టు నడుపుతున్నాను, గుడ్డు రొట్టె ఎన్నో సెకనుకి మాడుతుందో తెలిసినవాణ్ణి, ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

ఈ ఏర్పాటు మీద మాకెవరికీ ఫిర్యాదు లేదు. మా వార్డుకున్న ఇద్దరు కౌన్సిలర్లలో నారింజ పార్టీ ఝువో గారైనా, ఊదా పార్టీ పెంగ్ గారైనా (ఝువో గారు పొట్టిగా ఉంటారు, పెంగ్ గారు ఆడమనిషి; సిద్ధాంతపరంగా నాకు తెలిసిన తేడాలివే) చనిపోయినవాళ్ళ పట్ల ఏనాడూ అశ్రద్ధ చూపలేదు. చిక్కంతా మా నలభై ఏడో సందు బావ్‌జూ అక్కతో వచ్చింది. ఆవిడ బతికుండగానే పని కావాలంది.

పని చిన్నదే. మిన్‌షెంగ్ రోడ్డుకి అవతల వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఆవిడ భర్త తియన్‌షెంగ్ బావ ఉంటాడు. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. అక్క చేత్తో పెడితే తప్ప తినడు. నర్సులు పెట్టబోతే పళ్ళు బిగించుకుని కూర్చుంటాడు, మొండి మనిషి. అందుకని డెబ్బై ఎనిమిదేళ్ళ బావ్‌జూ అక్క రోజూ పదకొండింటికి చిలగడదుంప గంజి క్యారియరు పట్టుకుని ఆరు వరసల రోడ్డు దాటాలి. దాటడానికి పచ్చ లైటు ఉండేది పన్నెండు సెకన్లు. అక్కకి ఇరవై పడుతుంది. లైటులో బొమ్మ మనిషి మొదట నడుస్తాడు, తర్వాత పరిగెడతాడు, ఆ తర్వాత మాయమవుతాడు. అప్పటికి మా అక్క సరిగ్గా నడిరోడ్డు మీద, స్కూటర్ల మధ్యలో ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక స్కూటరు క్యారియరుని కొట్టేసి పోయింది. గంజంతా రోడ్డు పాలైంది. బావ ఆ రోజంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

"తమ్ముడూ, నాకు ఎనిమిది సెకన్లు కావాలి," అంది అక్క మర్నాడు నా కొట్టుకొచ్చి. "ఎవర్నడగాలి?"

"కౌన్సిలర్ని."

నారింజ పార్టీ సేవా కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాం. అక్కడి కార్యదర్శి ఖో గారు యాభై దాటినావిడ, ఎప్పుడూ ఎవరి మీదా విసుక్కోదు. అదే మాకు భయం.

"సెకన్లకి ఫారంలో గడి లేదమ్మా," అంది నాలుగోసారి కూడా ఓపిగ్గా. "గుంతలున్నాయి, వీధికుక్కలున్నాయి, పక్కింటివాళ్ళ కరావోకే ఉంది. కరావోకే కింద రాయనా?"

"ఫారం వద్దులే తల్లీ. కౌన్సిలర్ గారితో ఒక్క ముక్క చెప్తాను. ఎప్పుడొస్తారు?"

ఖో గారు గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో ఏమైనా... జరిగిందా?"

"ఏం జరగలేదే."

"పోనీ దగ్గరి బంధువుల్లో?"

"అందరూ బానే ఉన్నారు."

"అయితే కొంచెం కష్టమమ్మా," అంది నిజంగానే బాధపడుతూ, మా ఇద్దరికీ చెరో టిష్యూ ప్యాకెట్టు ఇచ్చింది.

బయటికొచ్చాక అక్క ఆ ప్యాకెట్టు మీది నవ్వుమొహాన్ని కాసేపు చూసింది. "ఈయన నా దగ్గరికి రాడు. సరే, ఈయన ఎక్కడికెళ్తాడో నేనూ అక్కడికే వెళ్తా," అంది.

ఆ వారమే ముప్పై ఒకటో సందులో గొడుగులు బాగుచేసే గావ్ గారి తల్లి పోయింది. "మీ అమ్మా నేనూ ఒకే కొట్టులో కూరలు కొన్నవాళ్ళం, ఓ పక్కన నిలబడనా నాయనా?" అని అక్క అడిగితే గావ్ కాదనలేదు. బంధువుల వరస నిండుగా ఉంటే ఎవరికి చేదు? అక్క పోయినవాళ్ళ బంధువులు కట్టుకునే నారబట్ట తలకి కట్టుకుని మూడో స్థానంలో నిలబడింది. ఝువో గారొచ్చారు, వంగారు, అక్క చెయ్యి పట్టుకున్నారు.

"కౌన్సిలర్ గారూ, మిన్‌షెంగ్ రోడ్డు మీద నేను రోజూ పదకొండింటికి..."

"ధైర్యంగా ఉండండి," అని ఆయన నాలుగో స్థానానికి వెళ్ళిపోయారు.

తలసరి రెండు సెకన్లే ఇస్తారని మాకప్పుడర్థమైంది. అర్జీని ఆ కొలతకి కుదించాలి. మూడు రోజులు నా కొట్టులో సాధన చేశాం. నేను ఝువో గారిగా నటిస్తూ చెయ్యి పట్టుకోవడం, అక్క గబగబా అప్పజెప్పడం, సోయా పాలకి వచ్చినవాళ్ళు వాచీ చూడడం. చివరికి "మిన్‌షెంగ్ రోడ్డు, పచ్చ లైటు, ఎనిమిది సెకన్లు" దగ్గర నిలిచింది. రెండో అంత్యక్రియల్లో అక్క ఆ ముక్క మొత్తం పెంగ్ గారికి చెప్పేసింది. పెంగ్ గారు కళ్ళనిండా నీళ్ళతో "తప్పకుండా" అన్నారు. అక్క పొంగిపోయింది. పక్కన నిలబడ్డవాళ్ళు ఏమీ అడక్కపోయినా వాళ్ళకీ "తప్పకుండా" అనే చెప్పారని తర్వాత తెలిసింది.

అయినా అక్క వదల్లేదు. మార్చి, ఏప్రిల్ రెండు నెలల్లో పంతొమ్మిది అంత్యక్రియల్లో వరసలో నిలబడింది. రానురాను జనమే కబురు పెట్టేవాళ్ళు, "అక్కా, ఎల్లుండి మా మామయ్యది, తీరిక చేసుకో" అని. ఏడుపు కూడా చక్కగా వచ్చేది. గంజి ఒలికిన రోజు తలుచుకుంటే చాలంది. వచ్చినవాళ్ళకి మర్యాదగా ఇచ్చే తువ్వాళ్ళు ఆవిడ ఇంట్లో గుట్టపడ్డాయి. నా కొట్టులో బల్లలు ఇప్పటికీ వాటితోనే తుడుస్తున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండు పార్టీలకీ చెరో సంతాప యాప్ ఉంది. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరి చేతులు పట్టుకున్నారు, ఆ ఇంట్లో ఓట్లెన్ని, అన్నీ అందులో ఎక్కుతాయి. ఏడుస్తున్న మొహాలని అది దానంతటదే గుర్తుపడుతుంది (మామూలు మొహాలని గుర్తుపట్టదు, ఆ అవసరం పార్టీలకి రాలేదు). మే నెల మొదట్లో నారింజ పార్టీ గణాంకాధికారి సన్ గారు తెర చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. బావ్‌జూ అనే ఒకే ఒక్క మహిళకి రెండు నెలల్లో పంతొమ్మిది మంది ఆత్మీయులు పోయారు.

మామూలు మనిషైతే 'అయ్యో పాపం' అనుకుని ఊరుకుంటాడు. సన్ గారు చదువుకున్నవాడు, లెక్క వేశాడు. ఏడాదికి వెయ్యి మందిలో తొమ్మిది మంది పోతారు. రెండు నెలల్లో పంతొమ్మిది అంటే ఏడాదికి నూటపద్నాలుగు. ఈ లెక్కన ఆ కుటుంబంలో ఇంకా బతికున్నవాళ్ళు పన్నెండు వేల ఆరు వందల మంది. మా వార్డులో కౌన్సిలర్ గెలవడానికి తొమ్మిది వేల ఓట్లు చాలు. ఎన్నికలు నవంబరులో. (ఇదంతా తర్వాత ఖో గారే నా కొట్టులో రొట్టె తింటూ చెప్పింది. సాయంత్రానికల్లా ఊదా పార్టీవాళ్ళకీ అదే అంకె వచ్చిందట. లెక్కల్లో ఆ రెండు పార్టీలకీ ఎప్పుడూ భేదాభిప్రాయం లేదు.)

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఝువో గారు నా కొట్టుకొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నారు. ఆయన కూర్చోగా ఊళ్ళో ఎవరైనా చూడడం అదే మొదటిసారి. రెండు నిమిషాల్లో పెంగ్ గారూ వచ్చి అదే బల్ల దగ్గర సర్దుకున్నారు.

"అమ్మా, మీది చాలా పెద్ద వంశం," అన్నారు ఝువో గారు.

"మేమిద్దరమే నాయనా. నేనూ, మా ఆయనా."

"చూశారా ఆ వినయం," అన్నారు ఆయన నావైపు తిరిగి.

"అక్కా, మీవాళ్ళందరూ కలుసుకోడానికి ఒక హాలు కట్టిస్తాను," అన్నారు పెంగ్ గారు.

"పోయినవాళ్ళ కోసం నేను అస్థికల గోపురమే కట్టిస్తాను," అన్నారు ఝువో గారు. "కొండ మీద. సముద్రం కనిపించేలా. పన్నెండు వేల అరలతో."

"నాకు ఎనిమిది సెకన్లు చాలు," అంది అక్క.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎనిమిదేనా? ముప్పై చేయిద్దాం," అన్నారు పెంగ్ గారు.

"ముప్పై ఏం చేసుకోను? ఎనిమిదే. గంజి చల్లారకూడదు, అంతే."

రెండు రోజుల్లో ఒకాయన వచ్చి, స్తంభం కింద పెట్టె తెరిచి, ఏదో తిప్పి, మూసేసి వెళ్ళిపోయాడు. నాలుగు నిమిషాల పని. ప్రారంభోత్సవానికి మాత్రం యాభై నిమిషాలు పట్టింది. జీబ్రా గీతలకి అడ్డంగా రెండు రంగుల రిబ్బన్లు కట్టి, వాహనాలు ఆపి, కౌన్సిలర్లిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని అక్కని రోడ్డు దాటించారు. ఇరువైపులా చేతులూపుతూ దాటడంతో అరవై సెకన్లయింది, లైటు మధ్యలోనే ఎర్రబడింది. ఆ రోజు గంజి చల్లారిపోయింది.

కానీ మర్నాడు, నేను కళ్ళారా చూశాను, అక్క ఒక్కతే క్యారియరు పట్టుకుని, తలెత్తుకుని, ఒక్క హారను మోత లేకుండా ఆ ఒడ్డుకి చేరింది. మూత తీస్తే ఆవిరొచ్చిందట. బావ రెండు గిన్నెలు తాగాడట. కొట్టు గుమ్మంలో నిలబడి నేను కళ్ళు తుడుచుకున్నాను, చెప్పుకోడానికి సిగ్గెందుకు.

మూడో రోజు బ్యానర్లొచ్చాయి. "ఎనిమిది సెకన్లు సాధించిన కౌన్సిలర్ ఝువో గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇట్లు, ప్రజలు" అని లైటు స్తంభానికి ఒకటి కట్టారు (ప్రజలం మేమూ అప్పుడే చదివాం). మధ్యాహ్నానికి దాని మీద పెంగ్ గారిది, ఇంకా పెద్దది. ఆదివారానికి రోడ్డుకి రెండు వైపులా స్తంభాలు మొదలంటా కృతజ్ఞతలో మునిగిపోయాయి. బొమ్మ మనిషి దాని వెనకాల పూర్తిగా ఇరవై సెకన్లూ నడుస్తున్నాడు, మాకే కనపడడు. అక్క మళ్ళీ రోడ్డు అంచున నిలబడి, ఎప్పుడు దాటాలో స్కూటర్లవాళ్ళ మొహాలు చూసి ఊహించుకుంటోంది.

నాకు ఒళ్ళు మండి కత్తెర పట్టుకెళ్ళాను. "ప్రజల కృతజ్ఞతని ప్రజలే కత్తిరిస్తే ఎలాగండీ," అని కానిస్టేబులు మర్యాదగా కత్తెర తీసేసుకున్నాడు. ఖో గారి దగ్గరికెళ్తే బ్యానరు విప్పడానికి కౌన్సిలర్ గారే ఒప్పుకోవాలంది. ఎక్కడున్నారని మేమడగలేదు.

పాత దారి కూడా మూసుకుపోయింది. ఈలోపు ఎవరో, ఏ ఇంట్లో ఎవరెవరున్నారో రాసుండే ఇంటి రిజిస్టరు తీసి చూస్తే పన్నెండు వేల ఆరు వందల మంది ఇద్దరుగా తేలారు. దాంతో రెండు పార్టీలూ ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక్క మాట మీదకొచ్చి ఉమ్మడి నియమం చేశాయి. ఇకమీదట అంత్యక్రియల్లో కౌన్సిలర్ చెయ్యి అందుకునే అర్హత, పోయినవాళ్ళ సందులోనే ఇంటి రిజిస్టరులో పేరు ఉన్నవాళ్ళకే. మా నలభై ఏడో సందులో చావు జరిగి ఆరేళ్ళయింది.

ఆ సంగతి బావకి చెప్పడానికి అక్కతో నేనూ వెళ్ళాను. ఆయన సగం నోటితో మెల్లగా మాట్లాడతాడు.

"నా పేరు... మన సందులోనే ఉందిగా," అన్నాడు. "నేను పోతే... పనవుతుందా?"

అక్క చెంచా ఆపలేదు. "నువ్వు పోతే నేనీ రోడ్డు దాటి ఎవరికి పెట్టాలి? నోరు తెరు."

తెరిచాడు.

అక్క అభ్యంతరం సాంకేతికంగా సరైనదే కాబట్టి మా సందు సమావేశం దాన్ని ఆమోదించి, బావకీ అక్కకీ మినహాయింపు ఇచ్చింది. కౌన్సిలర్ని మా సందుకి రప్పించే వంతు ఎవరిదో తెలిసేలా మిగిలినవాళ్ళ పేర్లు వయసు ప్రకారం రాసి నా కొట్టు గోడకి అంటించాం. మొదటి నంబరు లియావ్ తాతకి తొంభై మూడేళ్ళు. మొన్న గట్టిగా దగ్గితే అందరం ఆశగా పరిగెత్తాం, తీరా చూస్తే గొంతులో వేరుశనగ పలుకు. నాది నాలుగో నంబరు.