తాబేలుగా వెళ్ళిన నక్క

ఆ ఆదివారానికి తాతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. బాల్కనీలో కుర్చీ వేసుకుని పేపరు చదవాలి. ఆ పేపరే మొహం మీద కప్పుకుని కునుకు తీయాలి. పేపరు సగంలో ఉండగా ఫోను మోగింది.

మనవరాలు వెళ్ళే ప్రార్థన మందిరంలో పిల్లలకు నీతి పాఠాలు చెప్పే టీచరు చేసింది. దేవుడి కథల పాత కార్టూన్లకు మీరు గొంతు ఇచ్చారట కదా, మీ చిట్టి చెప్పింది అంది. అవునన్నాడు తాతయ్య. ఇవాళ నిజం చెప్పడం గురించి పాఠం, అందుకని ఆ కార్టూనే వేస్తున్నామంది. చాలా సంతోషం అన్నాడు.

"మీరు తాబేలు తాతయ్య అని పిల్లలందరికీ చెప్పేశానండీ. ఒక్కసారి వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్ళాలి."

తాతయ్య పేపరు పక్కన పెట్టాడు. ఆ కార్టూన్‌లో ఆయన తాబేలు కాదు. నక్క.

ఒకప్పుడు ఆదివారం పొద్దున ఆ కార్టూన్ వస్తోందంటే, తడి జుట్టుతో, ఒక కాలికే చెప్పు వేసుకుని పిల్లలు టీవీ ఉన్న ఇంటికి పరుగెత్తేవారు. దాని వెనకున్నది గోడలకు దుప్పట్లు కొట్టిన ఒక ఇరుకు రికార్డింగు గది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఆపేసేవారు. బనియన్లతో నిలబడి చెమటలు కక్కుతూ దేవుడి మాటలు చెప్పేవారు. తెర మీద నక్క నోరు తెరిస్తే తాతయ్య నోరు తెరుచుకోవాలి, అది మూస్తే మూసుకోవాలి. చివరికి ఊపిరి కూడా నక్కతో పాటే పీల్చేవాడు. పక్కనే నిలబడి "నీ మనసుని అడిగావా?" అని తాబేలుగా లోకానికి బుద్ధులు చెప్పిన మహానుభావుడు, రికార్డింగు అవగానే ఎవరి గొడుగు కనిపిస్తే ఆ గొడుగు పట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ గదీ లేదు.

నిజం చెప్పేద్దామని తాతయ్య నోరు తెరిచాడు. అంతలో టీచరు, మా క్లాసులో అబద్ధం ఆడని పిల్ల అంటే మీ చిట్టేనండీ అంది. తాతయ్య నోరు మూసుకుంది. కాదంటే, నిజం పాఠం చెప్పే రోజునే, స్నేహితులందరి ముందు ఏడేళ్ళ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. వస్తానమ్మా అన్నాడు.

"నక్కగా పేరు తెచ్చుకుని, ఈ వయసులో తాబేలు వేషం ఏమిటండీ?" అంది బామ్మ.

"నాలుగు మాటలేగా. నక్కే నెమ్మదిగా మాట్లాడితే తాబేలు."

తాతయ్య మందిరంలో అడుగు పెట్టాడు. పిల్లలతో పాటు అమ్మానాన్నలూ వచ్చారు. అంతా ఆ కార్టూన్ చూసి పెరిగినవాళ్ళే. ఒకావిడ కొడుకుని ముందుకు తోసి, పక్కవాడి రబ్బరు తీశాడు, మీరే ఓ మాట చెప్పండి అంది. తాతయ్య గొంతు బొంగురు చేసి, ఒక్కో అక్షరాన్నీ ఈడ్చి చెప్పాడు. పిల్లాడు రబ్బరు తీసి ఇచ్చేశాడు. దాంతో వరస కట్టారు. హోంవర్కు ఎగ్గొట్టినవాడు, తమ్ముణ్ణి గిల్లినది, అన్నం పారేసినవాడు. వాళ్ళ వెనక ఒక ఇల్లాలు భర్త చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఈయనకి కూడా ఓ మాట చెప్పండి, తాబేలు గారూ. చిన్నప్పుడు మీ మాటే వినేవారట."

ఇంతవరకూ నెట్టుకొచ్చాడు. అసలు ప్రమాదం మందిరం పెద్దాయన రూపంలో వచ్చింది. మనిషే ఎదురుగా ఉండగా రికార్డు గొంతు ఎందుకు, సౌండు తీసేయండి, ఆయనే చెబుతారు అన్నాడు. తాతయ్య చేతికి మైకు వచ్చింది. తెర వెలిగింది.

తాబేలు వచ్చింది. దాని మాట తాతయ్య నెమ్మదిగా చెప్పాడు. గండం గడిచిందనుకుంటుండగా పొద చాటు నుంచి నక్క వచ్చింది. మూతి నిండా దొంగ తేనె. అది నోరు తెరిచింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా తాతయ్య నాలుకకు ఆ ఒక్క యజమానే తెలుసు.

"తేనెనా? నేనా? ఇవాళ నాకు ఉపవాసం నాయనా, గాలి తప్ప ఏమీ ముట్టలేదు."

అదే కీచుగొంతు. తెర మీద తాబేలు నోరు ఆడించింది. మాట రాలేదు. ఎలా వస్తుంది, తాతయ్య నక్క ఊపిరి పీలుస్తున్నాడు. అప్పుడు వెనక వరసల్లోంచి, బట్టతలలూ కళ్ళజోళ్ళూ కలిసి ఒక్క గొంతుతో అన్నాయి.

"నీ మనసుని అడిగావా?"

తాతయ్య కళ్ళు మసకబారాయి. తెర మీద నక్క మోకాళ్ళ మీద కూలబడింది.

"అడిగాను. తిన్నది నేనే," అన్నాడు. నక్క నోరు మూసుకుంది. ఆయన మాత్రం ఆగలేదు. "ఆ తాబేలు నేను కాదు. నేను ఈ నక్కని. పాప పొరపాటు పడింది, అబద్ధం చెప్పలేదు. తెలిసీ వచ్చింది నేను. దాన్ని ఏమీ అనకండి."

ముందు వరసలో చిట్టి లేచి నిలబడింది.

"నేను నక్క అనే చెప్పాను కదా, టీచర్?"

టీచరు తేలు కుట్టిన దొంగలా తల దించుకుంది. మందిరానికి నక్కని పిలుస్తున్నామంటే పెద్దాయన ఒప్పుకోరేమోనని తాబేలు అన్నానని గొణిగింది. అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

ఆయన కండువా సర్దుకున్నాడు. "నేను ఆ కార్టూన్ చూసిందే నక్క కోసం," అన్నాడు. "ఇంట్లో మాత్రం పిల్లల నీతి కోసమని చెప్పేవాణ్ణి."

ఆ తర్వాత నక్క సీను మూడుసార్లు వేయించుకున్నారు. మూడోసారి తాబేలు మాట పెద్దాయనే చెప్పాడు. ఒళ్ళో కూర్చున్న చిట్టిని, టీచరుకి నక్క అనే చెప్పానని నాకు ముందే ఎందుకు చెప్పలేదే అని తాతయ్య చెవిలో అడిగాడు.

"నువ్వు తాబేలులా మాట్లాడుతుంటే ఆట ఆడుతున్నావనుకున్నా తాతయ్యా."

నిజం చెప్పడం గురించిన ఆ పాఠానికి హాజరు మాత్రం, ఎప్పటిలాగే, పిల్లలకే వేశారు.