అరువు శ్రోతలు

ఆ రోజు పొద్దున కుర్రమాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి సెమినార్ హాల్లో సంతాప సభ. బల్ల మీద ఫోటో, దాని ముందు కాసిని పూలు, హెడ్డుగారి నాలుగు మాటలు, రెండు నిమిషాల మౌనం, ఆపైన ఎవరి గదికి వాళ్ళు. యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖలో ఇలాంటి పనులన్నీ అతని నెత్తినే పడతాయి. వయసు నలభైకి దగ్గరపడినా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు గనక అందరికీ అతను కుర్రమాస్టారే. బ్యానర్ కట్టేదీ అతనే, మైకు సరిచేసేదీ అతనే, వక్త ఎగ్గొడితే వక్తా అతనే.

పోయింది ఆ శాఖలోనే జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమాస్టారు. పిల్లలు వెనకాల గుసగుస మాస్టారనేవాళ్ళు. పాపం, ఆయన గొంతు రెండో బెంచీ దాటేది కాదు. మొదటి బెంచీలో కూర్చోబట్టి ఆయన చెప్పిందంతా వంటబట్టించుకున్న ఒకే ఒక్క శిష్యుడు ఈ కుర్రమాస్టారు. అందుకే శాఖలో మిగతావాళ్ళకి ఇది ఒక కార్యక్రమం, అతనికి మాత్రం నిజమైన దుఃఖం.

ముందురోజు పెద్దమాస్టారి భార్య ఫోన్ చేశారు. "ఎవరైనా వస్తారా బాబూ? ఖాళీ కుర్చీల ముందు ఆయన ఫోటో పెట్టి ఉంటే నేను చూడలేను. అలాగైతే ఇప్పుడే చెప్పెయ్, రావడం మానేస్తాను."

"భలేవారమ్మా! హాలు పట్టదు, చూస్తూ ఉండండి" అనేశాడు కుర్రమాస్టారు.

మర్నాడు శాఖలో అడుగుపెట్టాక గాని గుర్తురాలేదు, పరీక్షల ముందు సెలవులిచ్చి తమ శాఖ పిల్లలందర్నీ ఇళ్ళకి పంపేశారని. కారిడార్ బోసిపోయి ఉంది. అయితే ఆ యూనివర్సిటీలో ఇలాంటి ఆపదకి ఒక పాత మందు ఉంది. ఒక శాఖలో సభ పెడితే పక్క శాఖ తన పిల్లల్ని అరువిస్తుంది. వాళ్ళకి అవసరమైనప్పుడు వీళ్ళు వెళ్ళి కూర్చుని బాకీ తీరుస్తారు. కుర్రమాస్టారు కామర్స్ లెక్చరర్ దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, ఒక్క గంట నీ క్లాసుని మా హాలుకి పంపించవూ?"

"పోయినసారి మీవాళ్ళు వచ్చి టిఫిన్ తిని చక్కా పోయారు. మా అతిథి గోడలకి చెప్పుకున్నాడు."

"ఈసారి నేనే వచ్చి ముందు వరసలో కూర్చుంటా. ఒట్టు!"

"సరే, ఏడవకు. ఇంతకీ ఏం సభ?"

"సంతాప సభ. ఆ ముక్క మాత్రం చెప్పకన్నా, ఒక్కడూ రాడు. ఇంకేదైనా చెప్పి పంపించు, నీకు పుణ్యముంటుంది."

"అది నాకొదిలెయ్" అన్నాడు కామర్స్ అన్న.

పూలు తెచ్చి, మైకు తీగలు తగిలించి కుర్రమాస్టారు తలెత్తేసరికి హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. అందరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. చావుకి ఇంత మర్యాద ఇచ్చే పిల్లలు ఇంకా ఉన్నారా అని అతని కళ్ళు చెమర్చాయి. అంతలో ముందు వరసలోని అమ్మాయి లేచి ఫోటో వైపు చూపించింది.

"సార్, మాకు ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇచ్చేది ఆయనేనా? ఇంకా రాలేదేం?"

కామర్స్ అన్న వీళ్ళతో ఏం చెప్పాడో కుర్రమాస్టారికి అప్పుడర్థమైంది. ఇప్పుడు తను నిజం చెప్పాడో, హాలు ఖాళీ. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే పెద్దమాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చారు. ట్రైనర్ గారి తరఫున వచ్చిన మనిషి కాబోలనుకుని పిల్లలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మగారు ఒక్క క్షణం ఆగి, హాలంతా కలయజూసి, వచ్చి కూర్చున్నారు.

హెడ్డుగారికి జనం కనిపిస్తే ఒళ్ళు తెలీదు. నాలుగు మాటలనుకున్నది నలభై మాటలై, నాలుగొందలై సాగింది. "ఆయన మనల్ని విడిచి వెళ్ళిపోయారు! ఇక ఎన్నటికీ రారు!" అని చేతులు చాచి అన్నారు.

వెనక వరసలో ఒకడు లేచాడు. "మరి మా సర్టిఫికెట్లు ఎవరిస్తారు సార్?"

ఎదుటివాడు అడిగేది వినే అలవాటు హెడ్డుగారికి బొత్తిగా లేదు. "అందరికీ ఇస్తాం, అందరికీ! కూర్చో నాయనా" అని మౌనానికి ఉపక్రమించారు.

అది ఏకాగ్రతకి అభ్యాసమనుకున్నారు పిల్లలు. దగ్గు లేదు, కుర్చీ కిర్రుమన్నది లేదు. అంత నిష్ఠగా మౌనం పాటించిన సభ ఆ యూనివర్సిటీలో అంతకుముందు జరగలేదు. అది ముగియగానే ముందు వరస అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఇది ఇంటర్వ్యూకి ముందు చెయ్యాలా, తర్వాతా?"

"ముందే చేసెయ్యమ్మా" అన్నాడు కుర్రమాస్టారు నీరసంగా.

తర్వాత అమ్మగారి చేతికి మైకిచ్చారు. ఇది ప్రశ్నల సమయమనుకుని ఆ అమ్మాయి మళ్ళీ లేచింది. "మేడమ్, మీ బలహీనత ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?"

నేల నోరు తెరిచి తనని మింగేస్తే బాగుండునని కుర్రమాస్టారికి అనిపించింది. అమ్మగారు మాత్రం ఆ ప్రశ్నని తీసిపారెయ్యలేదు. కాసేపు ఫోటో వైపు చూశారు.

"నా బలహీనతా? ఓపిక లేకపోవడం. ఆయన గొంతు చిన్నది. ఏం చెప్పబోయినా, గట్టిగా చెప్పండి, వినపడి చావట్లేదు అని కసిరేదాన్ని. పోనుపోను ఆయన చెప్పడమే మానేశారు. నేను లేచెళ్ళి పక్కన కూర్చునుంటే సరిపోయేది."

హాలంతా తలొంచుకుని ఆ జవాబు రాసుకుంది. కుర్రమాస్టారు మైకు తీగల పక్కన కూలబడి, ఎవరేమనుకుంటారో అని కూడా చూడకుండా ఏడ్చాడు.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "నన్ను క్షమించండమ్మా. వాళ్ళు మా పిల్లలు కారు. మాస్టారెవరో కూడా వాళ్ళకి తెలీదు. అబద్ధం చెప్పి రప్పించాను."

"అరువు పిల్లలేగా? చప్పట్లప్పుడే తెలిసింది. మీ ఇంగ్లీషువాళ్ళు ఆయనకెప్పుడు కొట్టారు గనక!" అన్నారావిడ. "అసలీ అరువు పద్ధతి పెట్టిందెవరనుకున్నావు? ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మొదటి ఉపన్యాసానికి ఒక్క పురుగు లేదట. బోటనీ శాఖకెళ్ళి బతిమాలుకున్నారు. అక్కడ మా సారు, ఎవరో కొత్త మొక్కల గురించి చెబుతారు, వెళ్ళండర్రా అని మమ్మల్ని తోలారు."

"మమ్మల్నంటే... మీరూనా అమ్మా?"

"నేను బోటనీయే బాబూ. మొక్కలెప్పుడొస్తాయా అని చివరిదాకా కూర్చున్నాను. తర్వాత మా శాఖకి తిరిగి పంపించడం ఆయన మర్చిపోయారు" అని నవ్వబోయి, పమిటతో కళ్ళొత్తుకున్నారు.

నిండు సభలో మాటిచ్చారు గనక హెడ్డుగారు సర్టిఫికెట్లు అచ్చువేయించక తప్పలేదు. 'సంతాప సభను విజయవంతంగా పూర్తి చేసినందుకు' అని వాటి మీద బంగారు రంగు అక్షరాలతో ఉంది. అమ్మగారు కూడా ఒకటి అడిగి తీసుకున్నారు, శాఖ అన్నచోట బోటనీ అని రాయించుకుని.