రెజీనాకు రాని జబ్బు

ఆ బుధవారం పొద్దున జడ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సెలవు పెట్టాలి, ఇంట్లో ఉండాలి. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. భార్య రెజీనాకు పోయినసారి నెలసరి వచ్చిన తేదీని అతను ఫోన్లోని యాప్‌లో వేస్తే, అది లెక్కగట్టి, గుడ్డు విడుదలయ్యేది ఈరోజేనని గులాబీ రంగు చుక్క పెట్టింది. ఈ ఒక్కరోజు దాటితే మళ్లీ నెల ఆగాలని జడ్సన్ భయం.

మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో అతను సూపర్‌వైజరు. మేనేజరు సంజీవరావుకు ఫోన్ చేశాడు.

"సార్, ఈరోజు రాలేను. ఇంట్లో కొంచెం అవసరం."

"ఏంది విషయం?"

చెప్పే విషయమా అది? "రెజీనాకి..." అని నసిగి ఊరుకున్నాడు.

"సరే సరే, దిగులు పడబాక. ఇంట్లోనే ఉండు" అన్నాడు సంజీవరావు గొంతు తగ్గించి.

అరగంటలో హేచరీ మొత్తానికి రెజీనాకు బాగోలేదని తెలిసిపోయింది. తొమ్మిదిన్నరకు ప్యాకింగ్‌లో పనిచేసే బిందు కొబ్బరి బోండాలతో దిగింది. "ఎందుకు లేచినావక్కా?" అంటూ రెజీనాను మంచం మీద పడుకోబెట్టి, కదలకుండా పక్కనే కూర్చుంది. కబురు చర్చికీ పాకి, పదకొండుకు సంఘపెద్ద హెన్రీ అన్న చర్చి వాళ్లను ఆరుగురిని వెంటబెట్టుకొచ్చాడు. ఏ జబ్బో తెలియదు కనుక అన్ని జబ్బుల కోసమూ ప్రార్థించారు. రెజీనా దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతుంటే, ఏడుస్తోందనుకుని మరో ప్రార్థన మొదలుపెట్టారు.

జడ్సన్ గడియారం చూసుకుంటూ గుమ్మంలో పచార్లు చేశాడు. మధ్యాహ్నం సంజీవరావు కారు వేసుకొచ్చాడు. "దాచిపెడితే ముదురుతాది. నెల్లూరికి పోదాం పదండి" అని ఇద్దరినీ ఎక్కించాడు.

ఆడవాళ్ల డాక్టరు కరుణాకుమారి వాళ్లిద్దరినే గదిలోకి పిలిచి సంగతంతా విన్నది. నవ్వలేదు.

"నెలసరి ఎన్ని రోజులకొస్తా ఉంది?"

"ఒకసారి ముప్ఫైకి, ఒకసారి నలభై అయిదుకి. పోయినసారి ముప్ఫై ఎనిమిది" అన్నది రెజీనా.

"మీరు ఒక్క తేదీ వేస్తే ఆ యాప్ ఇరవై ఎనిమిదనుకుని చెప్పింది. గుడ్డు విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు రెండు వారాల ముందు. ఆ నెలసరే ఎప్పుడో తెలియకపోతే, ముందుగా తేదీ ఎట్ట చెప్పేది?"

స్కాన్ చేస్తే గుడ్డు పెరిగే తిత్తి ఇంకా చిన్నదిగానే ఉంది. డాక్టరు థైరాయిడ్ పరీక్ష కూడా రాసింది. "ఇంకో పది రోజులు పట్టొచ్చు. ఒక్క రోజునే పట్టుకుని కూర్చోబాకండి. రోజు విడిచి రోజు కలిసుంటే చాలు. నిమ్మళంగా ఉండండి."

జడ్సన్‌కు పొద్దుటి నుంచీ గుండె మీదున్న బరువు దిగిపోయింది. చేజారిందేమీ లేదు. రెజీనా అతని చెయ్యి గిల్లి, "ఇంకా నయం, హెన్రీ అన్నకి అసలు సంగతి చెప్పలా మీరు" అన్నది.

బయట సంజీవరావు లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు?"

"భయమేం లేదంట సార్. పది రోజులు నిమ్మళంగా ఉండమన్నారు."

"అంతే కదా. ఈ పది రోజులూ డ్యూటీ దిగంగానే అందరం వచ్చి మీ ఇంట్లోనే తోడుంటాంలే" అన్నాడు సంజీవరావు.

ఆయన మాట తప్పే మనిషి కాదు.