పెంకుపురుగు లేచేదాకా

ఈ లోకంలో ఏ ప్రాణీ తనంతట తాను ఎదగదు. మోసేవాడు దొరికినప్పుడే ఎదుగుతుంది. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది నులిపురుగు. అమలులో పెట్టింది వృక్షరక్షణ కార్యాలయం.

పైన్ చెట్టును లోపల్నుంచి ఎండగొట్టే ఈ నులిపురుగు కంటికి ఆనదు. కాళ్ళు లేవు, రెక్కలు లేవు. (అయినా పలుకుబడి ఉంది.) అదే చెక్కలో పెంకుపురుగు పిల్ల గుంత తొలుచుకుని నిద్రపోతుంటే, చుట్టూ చేరి కాచుక్కూచుంటుంది. పెంకుపురుగు పెద్దదవుతున్న జాడ తగిలితేనే ఇదీ ప్రయాణపు రూపమెత్తుతుంది. తిండి మానేసి, దాని ఊపిరి గొట్టాల్లో దూరి, ఇంకో పచ్చని చెట్టుకు చేరుతుంది. టికెట్టు అడిగే నాథుడు లేడు.

ఇవేవీ ఆ ఊళ్ళోని ఒక తల్లికి తెలియవు. పెరట్లో పైన్ చెట్టు ఎండి ఎర్రబడిందనీ, అది కూతురు పడుకునే గది మీదికి వంగి ఉందనీ మాత్రం తెలుసు. చిన్న గాలి వీస్తే చాలు, ఆమె మనసులో ఆ చెట్టు పడిపోయేది, ఇంటి పైకప్పు కూలిపోయేది, చుట్టాలంతా వచ్చేసేవారు.

"అమ్మా, చెట్టుకన్నా ముందు నీ భయమే నా మీద పడేలా ఉందే!" అంది కూతురు.

"ఛీ, నోట అలాంటి మాట రానివ్వకు" అని కసిరి, ఆమె కార్యాలయానికి బయల్దేరింది. అనుమతి లేకుండా చెట్టు మీద గొడ్డలి వేయడం నేరం. (చెట్టు మనిషి మీద పడటం నేరం కాదు.)

నులిపురుగుల అధికారి ఎంతో సానుభూతితో విన్నాడు.

"మానులోంచి చప్పుడు వస్తోందా అమ్మా?"

"మొన్నటిదాకా కరకరమనేది సార్. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు."

"అంటే పెంకుపురుగు నిద్రపోతోంది. అది లేచేదాకా మా నులిపురుగు ఎదగదు. ఎదగని దాని మీద చర్య తీసుకుంటే తొందరపాటు అవుతుంది."

"అయితే లేచాక వస్తాను."

"లేచాక ఎగిరిపోతుంది కదా. అది వాలిన చెట్టు వాళ్ళు రావాలి."

"మధ్యలో ఎప్పుడైనా నా చెట్టు మీ కిందికి రాదా నాయనా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "మధ్యలో మాకు భోజన విరామం ఉంటుందమ్మా."

పక్క గదిలోని పెంకుపురుగుల అధికారి నొచ్చుకున్నాడు. "మాది లేత కొమ్మలు కొరుక్కుని బతికే సాధుజీవి. ఎక్కినవాడు చేసిన దానికి బండివాడిని పట్టుకుంటారా?"

రెండు గదుల మధ్యా ఎవరి పురుగు వల్ల ఎవరి పురుగు ఎదిగిందన్న వాదం ముదిరింది. చివరికి ఉమ్మడి పరిశీలన అని తేల్చారు. కార్యాలయం జీపు వచ్చి, ఆమె చెట్టులోంచి లావుపాటి కొమ్మ ఒకటి నరికి, ఊరంతా తిప్పి తెచ్చి, ఇద్దరికీ కనపడేలా వరండా కిటికీలో పెట్టింది. ఫ్యాను మరమ్మతులో ఉంది కనుక కిటికీ తెరిచే ఉంది. కిటికీ బయట కార్యాలయం వారి పైన్ చెట్లు, వరసగా, పచ్చగా.

"కిటికీ మూయండి సార్, మీకు పుణ్యముంటుంది. లేచిందంటే తిన్నగా మీ చెట్ల మీదికే."

"అమ్మా, మీరు దేనికైనా చెడే ఊహిస్తారు" అని ఇద్దరూ నవ్వారు. శాఖలు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

పెంకుపురుగు సరిగ్గా భోజన విరామంలో లేచింది. నులిపురుగులు ఎక్కాయి. (ఆ కార్యాలయంలో అవతలివాడు కదలగానే తామూ కదిలినవి అవే.)

కొన్నాళ్ళకు కార్యాలయం చెట్లు ఎర్రబడ్డాయి. అన్నిటికన్నా ముందు నులిపురుగుల అధికారి కుర్చీ మీదికి వంగిన చెట్టు. అప్పుడు తెలిసింది, 'అత్యవసరం' అని ఒక నిబంధన మొదట్నుంచీ ఉందట. ఆమె మళ్ళీ వెళ్ళేసరికి రంపాలు గుయ్యిమంటున్నాయి.

"మరి మా చెట్టు సార్?"

"మీ పురుగు మా చెట్టుకు వచ్చేసింది కదమ్మా. మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టే."

"మిగతా పురుగులో? చెట్టింకా అమ్మాయి గది మీదికి వంగే ఉంది సార్!"

"నిలబడే ఉంది కదా! మీరు మరీ భయపడతారు."

ఆ సాయంత్రం ఆమె కూతురి మంచాన్ని వంటింట్లోకి జరిపింది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదట, కనుక్కునే వచ్చింది.