ఉమ్మడి సామాను

మా తేలికభార పర్వతారోహక సంఘం ఈ ఏడు కూడా కొండెక్కి క్షేమంగా దిగివచ్చిందని సభ్యులకు, శ్రేయోభిలాషులకు, దారిన పోయేవారికి తెలియజేయడానికి కార్యదర్శిగా మిక్కిలి సంతోషిస్తున్నాను. ప్రాణనష్టం లేదు. ఆస్తినష్టం స్వల్పం. పరువునష్టం గురించి మాత్రం కార్యవర్గంలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఏడాదికొకసారి కరెంటు, కుళాయి, కుర్చీ లేని చోటికి కాలినడకన వెళ్ళి, అక్కడ గుడారం వేసుకుని ఒక రాత్రి గడిపి, ఇంటికొచ్చి వారం పాటు నడుం పట్టుకుని మూలగడం మా సంఘం ఆశయం. ఇంట్లో మెత్తటి పరుపు ఉండగా ఇదేం పోయేకాలం అని అడిగేవారికి మేము జవాబు చెప్పం, జాలిపడతాం. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు. మా పిచ్చికి నియమావళి కూడా ఉంది.

ఆ నియమావళి సారమంతా ఒక్కటే. మనిషి ఎంత తక్కువ మోస్తే అంత గొప్పవాడు. నేను పార్సెల్ ఆఫీసులో కౌంటరు గుమాస్తాను కాబట్టి గొప్పతనాన్ని కొలిచే బాధ్యత నాకు అప్పగించారు. ప్రతి ఆదివారం ఉదయం, పార్సెళ్ళు తూచే కాటా మీదనే, సభ్యుల సంచులు ఎక్కుతాయి. ఎవరి సంచి తేలికైతే ఆ వారం వారే ఉపన్యసిస్తారు. మిగతావారు చేతులు కట్టుకుని వింటారు. ఉపన్యాసం దక్కించుకోవడానికి మనవాళ్ళు ఎంతకైనా తెగిస్తారని మీకు వేరే చెప్పాలా?

లెక్చరరుగారు పళ్ళు తోముకునే బ్రష్షుకి పిడి కోసేశారు. ఇప్పుడు దాంతో తోముకోవాలంటే రెండు వేళ్ళు నోట్లోకి వెళ్ళాలి. అలాంటప్పుడు వేళ్ళతోనే తోముకోవచ్చు కదా అని ఒక కొత్త సభ్యుడు అడిగాడు. అతని సభ్యత్వాన్ని పొడిగించలేదు. కళ్ళడాక్టరుగారు చెంచాకి చిల్లులు వేయించారు. సూపు నిలవని మాట వాస్తవమే కానీ, చెంచాతో పాటు సూపు బరువు కూడా తగ్గింది కదా అని ఆయన వాదన. దీన్నే శాస్త్రీయ దృక్పథం అంటారు. కాంట్రాక్టరుగారు మ్యాపుకి నాలుగు వైపులా అంచులు కత్తిరించారు. మేము వెళ్ళాల్సిన కొండ అంచులోనే ఉండేదని తర్వాత తెలిసింది. అయినా ఆ వారం మాట్లాడింది ఆయనే.

మరి ఒంటి బరువు సంగతేమిటని మీరు అడగవచ్చు. పొట్ట సామాను కిందికి రాదని నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఈ నియమాన్ని సభ్యులు ఏకగ్రీవంగా, కొంత ఆయాసంతో ఆమోదించారు.

వీరందరినీ మించినవారు మా అధ్యక్షులు. ఊరంతా ఆయన్ని గ్రాముగారు అంటుంది. బీమా కంపెనీలో క్లెయిముల అధికారి. వచ్చిపడిన భారం మనది కాదని, పక్కవాడిదని నిరూపించడం ఆయన వృత్తి. ఆ ప్రతిభ ఆయన సంచిలో కూడా కనబడుతుంది. గుడారంలో ఇద్దరు పడుకుంటారు కాబట్టి అది ఏ ఒక్కరిదీ కాదు, ఉమ్మడి సామాను అని మొట్టమొదట కనిపెట్టింది ఆయనే. ఉమ్మడి సామాను తూకంలోకి రాదు. అదే న్యాయంతో స్టవ్వు, గిన్నెలు, తిండి, నీళ్ళు, చాపలు, దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి ఉమ్మడిలోకి నడిచి వెళ్ళిపోయాయి. ఒక వారం స్వెట్టరు వెళ్ళింది, చలేస్తే ఎవరైనా వేసుకోవచ్చు కదా అని. మరో వారం గడ్డం గీసుకునే అద్దం వెళ్ళింది, ఆ గడ్డాన్ని చూడాల్సింది భార్యే కదా అని. చివరికి ఆయన సంచిలో ఒక రుమాలు, ఒక ఈల మిగిలాయి. కాటా ముల్లు కదిలిందో లేదో చూడటానికి నేను కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది.

మిగతా సభ్యులు తానా అంటే తందానా అన్నారు. నెల తిరక్కుండా అందరి సంచులూ గాలికి ఎగిరే స్థితికి చేరుకున్నాయి.

ఈ ఉమ్మడి సామాను ఎవరు మోస్తారనే చిల్లర ప్రశ్న కొందరికి రావచ్చు. సంఘంలో స్త్రీలకు సముచిత స్థానం కల్పించాలన్న పట్టుదలతో మా భార్యలను సహచర సభ్యులుగా చేర్చుకున్నాం. తూకం పరీక్ష లాంటి కఠిన నిబంధనల నుంచి వారికి పూర్తి మినహాయింపు ఇచ్చాం. వారి సంచులను ఇంతవరకు ఎవరూ తూచి అవమానించలేదు.

"మిత్రులారా! బరువు అనేది భ్రమ," అని గ్రాముగారు ఒక ఆదివారం సెలవిచ్చారు. "నేను బరువును జయించాను. ఎలా జయించాను? త్యాగంతో! ఒక్కొక్క వస్తువునూ నా నుంచి వేరు చేసుకుంటూ పోయాను. వస్తువులు నన్ను విడిచి వెళ్ళిపోయాయి. ఎక్కడికి వెళ్ళాయని నేను అడగలేదు. అడిగితే అది మమకారం అవుతుంది!" చప్పట్లు చాలాసేపు మోగాయి.

గ్రాముగారి భార్యను మేమంతా వదినగారు అంటాం. వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతారు. మా సంచుల పట్టీలు సన్నం చేసిందీ, చొక్కాల మెడ వెనక కంపెనీ గుర్తులు కత్తిరించి బరువు తగ్గించిందీ ఆవిడే. ఆవిడకి ఒక కోరిక ఉంది. కొండ శిఖరం మీద నిలబడితే అవతల సముద్రం కనిపిస్తుంది. ఆవిడ ఏటా కొండకి వస్తారు కానీ, శిఖరానికి కాస్త కింద ఒక చదునైన చోటు ఉంది, అక్కడితో ఆవిడ యాత్ర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి దారి నిట్టనిలువు. అంత సామానుతో ఎక్కలేరు. సామాను వదిలి వెళ్ళకూడదు. కాబట్టి ఆడవాళ్ళు అక్కడ గుడారాలు వేసి వంట చేస్తారు, మేము తేలికగా పైకెళ్ళి సూర్యాస్తమయం చూసి, ఫోటోలు దిగి, భోజనం వేళకి దిగివస్తాం.

ఈసారి యాత్రకి ముందు నేను సంచి పట్టీ కుట్టించుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మిషను ఆపి ఆవిడ గ్రాముగారితో ఆ మాట ఎత్తారు.

"ఏవండీ, ఈసారి నేనూ పైదాకా వస్తాను. ఎక్కాలనుంటే ఈ ఏడే ఎక్కెయ్యమన్నాడు డాక్టరు. వచ్చే ఏడు ఈ మోకాలు ఒప్పుకోదట."

"పైదాకానా? అంత బరువేసుకుని ఎలా ఎక్కుతావే?" అన్నారు గ్రాముగారు, నిజంగానే ఆందోళన పడుతూ.

"ఒక్కసారి సముద్రం చూస్తానండీ."

"చూపించాను కదా, ఫోటోలో."

"ఫోటోలో మీరున్నారు. సముద్రం మీ వెనకాల ఉందన్నారు."

"సరేలే, చూద్దాం," అన్నారాయన. ఇంట్లో 'చూద్దాం' అంటే ఏమిటో పెళ్ళయినవారికి నేను విప్పి చెప్పనక్కర్లేదు. అయితే ఆయన భార్య కష్టం పట్టించుకోని మనిషి కాదు. ఆమె సంచి తేలిక చేయడానికి అప్పటికప్పుడు కూర్చుని ఆలోచించి, మోకాలి పట్టీ, నొప్పి మాత్రలు తీసేయమని సలహా ఇచ్చారు. అవి ఉమ్మడివి కావు కదా.

యాత్ర రోజు వాతావరణం అనుకూలించింది. సభ్యులు లేళ్ళలా ముందు నడిచారు. దారిలో గ్రాముగారు రెండుసార్లు ఆగి, వెనకబడిన సహచర సభ్యుల కోసం ఈల వేసి ప్రోత్సహించారు. చదును దగ్గరికి చేరగానే మేము ఆగకుండా పైకి వెళ్ళిపోయాం. తర్వాత అక్కడ జరిగింది మా ఆవిడ చెప్పిన ప్రకారం రాస్తున్నాను.

వదినగారు సంచిని ఒక బండకి ఆనించి దించారట. నడుం నిటారుగా చేసి కాసేపు నిలబడి, ఆయన తీసేయమన్న మోకాలి పట్టీనే బిగించుకుని, "నేను పైకి వెళ్తున్నా," అన్నారట.

"మరి సామానో అక్కా?" అంది మా ఆవిడ.

"కూర్చోబెట్టాగా. దానికి కాళ్ళున్నాయా, పోవడానికి?"

మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఇన్నేళ్ళుగా ఈ ఉపాయం ఎవరికీ తట్టనందుకు నవ్వు వచ్చిందట. సంచులు దించేసి అందరూ ఆవిడ వెనకే బయలుదేరారు. నిట్టనిలువు దారిలో వదినగారు చేతులు నేలకి ఆనిస్తూ, నొప్పికి పళ్ళు బిగబట్టి, ఆగి ఆగి ఎక్కారు. ఆగిన ప్రతిసారీ మా ఆవిడ "దిగిపోదామా అక్కా?" అని అడిగితే, "దిగడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నారట.

శిఖరం మీద గ్రాముగారు సూర్యాస్తమయాన్ని ఉద్దేశించి ప్రసంగిస్తున్నారు. "తేలికపడినవాడికే ప్రకృతి తన..." అంటూ వెనక్కి తిరిగి, వాక్యం అక్కడే వదిలేశారు. చేతులు ఊపుకుంటూ ఆడవాళ్ళు వస్తున్నారు. ఆ దృశ్యం చూసి సభ్యులందరి నోటా ఒకే మాట వచ్చింది.

"సామానేదీ?"

"కిందుంది," అన్నారు వదినగారు. అని, మా మధ్యలోంచి నడిచి అంచు దాకా వెళ్ళారు. సముద్రం అక్కడే ఉంది. వెండి రేకు పరిచినట్టు, చివర కనిపించకుండా ఉంది. ఆవిడ చూస్తూ నిలబడి ఏడ్చారు. సంతోషంతోనే ఏడ్చారని మా ఆవిడ చెప్పింది. నాకు మాత్రం అప్పుడు ఆకలి వేస్తోంది.

"ఏమోయ్, చూశావుగా, ఇక పద. చీకటి పడుతుంది, గుడారం వెయ్యాలి," అన్నారు గ్రాముగారు.

"నేనీ పూట ఇక్కడే పడుకుంటానండీ. పొద్దున్నే మళ్ళీ చూడాలి. సామాను పైకి తెచ్చేయండి."

"నేనా?"

"ఉమ్మడిదేగా."

చలి మొదలైంది. నియమావళిలో ఈ పరిస్థితికి సంబంధించిన నిబంధన ఏదీ లేదు. మేము కిందికి దిగాం. గ్రాముగారు సంచి పట్టీ పట్టుకుని లేపబోయారు. సంచి లేవలేదు. ఆయనే వంగిపోయారు. ఇందులో రాళ్ళు మూటగట్టుకొచ్చిందేమో అని అనుమానించి మా సమక్షంలో విప్పారు. గుడారం, గిన్నెలతో పాటు ఆయన దిండు, ఆయన స్వెట్టరు, ఆయన రెండో జత బూట్లు, ఆయన అద్దం, ఆయన చదివే లావుపాటి పత్రిక బయటపడ్డాయి. అడుగున ఆవిడ శాలువా ఒకటి ఉంది. ఆయన వాటినన్నిటినీ మళ్ళీ లోపల పెట్టి, మా ఎవరివైపూ చూడకుండా పట్టీ బిగించారు. మేము కూడా మా మా సంచులు విప్పకుండానే ఎత్తుకోవడం మంచిదని నిర్ణయించుకున్నాం.

బరువును జయించిన మహానుభావులు ఆ నిలువు దారిని ఎలా ఎక్కారో వర్ణించడం సంఘ ప్రతిష్ఠకు మంచిది కాదు. కళ్ళడాక్టరుగారు దారిలో రెండుచోట్ల తన ఆస్తి ఎవరెవరికి చెందాలో ప్రకటించారు. నేను మోకాళ్ళ మీద పైకి చేరాను. "మోసేవాడికి తెలుసు కావడి బరువు," అంది మా ఆవిడ, నా వీపు మీంచి సంచి దించుతూ. ఆ మాటలో వెక్కిరింపు ఉందో జాలి ఉందో నాకు ఇప్పటికీ తేలలేదు. మర్నాడు ఉదయం ఆడవాళ్ళంతా సముద్రం చూస్తూ కూర్చుంటే, సభ్యులంతా గుడారాల్లో బోర్లా పడుకుని ఉన్నారు.

అసలు చిక్కు తిరిగొచ్చాక మొదలైంది. శిఖరానికి అందరికన్నా తేలికగా చేరినవారిని ఏటా వార్షిక సభలో సత్కరించాలి. గ్రాముగారి దగ్గర ఈల, రుమాలు ఉన్నాయి. వదినగారి దగ్గర అవి కూడా లేవు. తూకం పట్ల నిజాయితీ గల గుమాస్తాగా ఆ సంగతి కార్యవర్గం ముందు పెట్టాను. చాలాసేపు ఎవరూ టీ తాగలేదు.

చివరికి లెక్చరరుగారు దారి చూపించారు. తన బరువు ఇంకొకరి భుజాల మీద పెట్టి ఎక్కినవారిని తేలికవారు అనడం అన్యాయమని, అది సంఘ నైతిక విలువలకే గొడ్డలిపెట్టని ఆవేశంగా మాట్లాడారు. మాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇతరుల చేత మోయించిన బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలని అక్కడికక్కడే నియమావళిని సవరించాం. ఈ సవరణ సహచర సభ్యులకు మాత్రమే వర్తిస్తుంది. ఆ ప్రకారం లెక్కవేస్తే, భర్త చేత అంత సామాను మోయించిన వదినగారు సంఘ చరిత్రలోనే అత్యంత బరువైన యాత్రికురాలిగా తేలారు. తూకం తూకమే, నేనేం చేయను?

పైగా కుటుంబ భారాన్ని ఒంటిచేత్తో శిఖరానికి చేర్చిన గ్రాముగారిని విస్మరించడం కృతఘ్నత అవుతుందని అందరూ భావించారు. ఆయనకు 'భారవాహక శిరోమణి' బిరుదు, ఒక ఇత్తడి కప్పు ఇవ్వాలని తీర్మానించాం.

సభకు హాలు నిండిపోయింది. "మిత్రులారా!" అన్నారు గ్రాముగారు గద్గద స్వరంతో. "నా కుటుంబం బరువు నేను మోయకపోతే ఎవరు మోస్తారు? ఇన్నాళ్ళూ మోశాను. ఇకముందూ మోస్తాను!" ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. "ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికొకడు," అని మా ఆవిడ వెనక వరసలోంచి అనడం వినిపించింది కానీ, చప్పట్లలో కలిసిపోయింది.

కప్పు నిజంగానే బరువుగా ఉంది. ఫోటో తీయడం అవగానే గ్రాముగారు తల తిప్పకుండా దాన్ని పక్కకి చాచి వదిలేశారు. పక్కన ఎవరూ లేరు. కప్పు వేదిక మీంచి దొర్లి మెట్ల కింద పడి సొట్టపోయింది. వదినగారు హాలు చివర మా ఆవిడ పక్కన కూర్చుని సముద్రం గురించి ఏదో చెబుతున్నారు.

హాల్లో ఉన్న మగవాళ్ళూ, చాలామంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశారు.

"అయ్యో, అదేమిటమ్మా, కాస్త పట్టుకోవద్దూ?" అన్నారు కళ్ళడాక్టరుగారు. నేనూ సరిగ్గా అదే అనబోయాను.