కాళ్లు దాచుకునే వారం

నడవడం కోసమే నడక మానేసినవాణ్ని ఏమనాలి? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకుని, చాలాసేపు యోచించి, వివేకి అనాలని తేల్చుకున్నాను.

అవును పాఠకులారా! మా వీధుల సంఘం ఏటా జరిపే లాంగ్ వాక్ మాకు దక్కిన వరం. ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరూ కలిసి నడవడం! అది లేకపోతే మనిషికి కాళ్లున్న సంగతి ఎవరు గుర్తుచేస్తారు?

దీనికొక మూలసూత్రం ఉంది. వాక్‌కు ముందు వారమంతా కాళ్లు దాచుకోవాలి. అనవసరంగా అడుగు వేయరాదు. ఇది మా కార్యదర్శిగారి ఆదేశం. ఆయన పళ్ల డాక్టరు. అయినా కాళ్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

ఆ క్రమశిక్షణ చూసి తీరాలి! ఎదురింటి దర్జీ సందు మలుపులోని రొట్టెల దుకాణానికి కారులో వెళ్తున్నాడు. మొదటి అంతస్తులోని లెక్కల మాస్టారు లిఫ్టు ముందు ధ్యానముద్రలో నిలబడుతున్నారు. నేను రిమోట్ కోసం మా ఆవిడను పిలుస్తున్నాను.

"మీరు దాచుకున్న కాళ్లేమో గానీ, నావి అరిగిపోతున్నాయి" అంది ఆవిడ.

తత్త్వం అందరికీ ఒంటబట్టదు.

నా నిష్ఠకు అసలు పరీక్ష మా అక్క పెట్టింది. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఈమధ్యే మోకాలికి ఆపరేషన్ అయింది. సోమవారం ఫోన్ చేసింది.

"ఒరేయ్, డాక్టరు రోజూ వీధి చివరిదాకా నడవమన్నాడ్రా. లేకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుందట. ఒక్కదాన్నే గడప దాటాలంటే భయమేస్తోంది. కాస్త చెయ్యి పట్టుకుందువుగాని, రా."

"ఆదివారం అయిపోనీ అక్కా. ఈ వారం కాళ్లు దాచుకోవాలి."

"దాచుకో నాయనా. ఏ బీరువాలో పెట్టావో, తాళంచెవి మాత్రం పారేసుకోకు."

నవ్వింది. నవ్వి, వారమంతా గడప లోపలే ఉండిపోయింది.

ఆదివారం తెల్లవారింది. వీపున "నడక మనుషుల్ని కలుపుతుంది" అని అచ్చువేసిన చొక్కాలు తొడుక్కుని అందరం మైదానానికి వెళ్లాం. కార్లలోనే! కానీ అక్కడ కార్లకు చోటు లేదు. ఎక్కడో దూరాన ఆపి రావలసి వచ్చింది. దర్జీ మండిపడ్డాడు.

"ఏర్పాట్లు బొత్తిగా బాగాలేవండీ! మనుషుల్ని ఇంత దూరం నడిపిస్తారా?"

ఆ ఆగ్రహంలోని న్యాయాన్ని మేమందరం గుర్తించాం.

కార్యదర్శిగారు మైకు అందుకున్నారు. "ఫొటో తీస్తున్నారు! పక్కవారి చెయ్యి పట్టుకోండి. ఒకరికొకరు ఆసరా కావాలి!"

నా పక్కన ఎవరో వస్తాదు. చెయ్యి పట్టుకున్నాను. ఇనుపకడ్డీలా ఉంది. ఆ చేతికి నా ఆసరాతో ఏం పని? మరి, పని ఉన్న చెయ్యి ఎక్కడుంది?

ఈల మోగింది. అందరూ ముందుకు కదిలారు. నేను ఆ చెయ్యి వదిలి వెనక్కి తిరిగాను. కారు జోలికి పోలేదు. అక్క ఇంటికి నడిచే వెళ్లాను.

తలుపు తీసి నా చొక్కా వంక చూసింది. "అదేమిట్రా! నీ నడక ఈరోజే కదూ?"

"ఈరోజే. చెయ్యి ఇలా ఇయ్యి."

ఇచ్చింది. గట్టిగా పట్టుకున్నాను.

గడప దాటాం.